మా అత్తగారు చూపించిన సముద్రపు మూల

ఆ కబురు వచ్చేసరికి నా డ్రోను గాల్లో ఉంది.

కంకిపాడు అవతల ఒక కల్యాణమండపం మేడ మీద నిలబడి, పెళ్ళికొడుకు విడిదిని పైనుంచి తీస్తున్నాను. పొద్దున తొమ్మిదిన్నర. జేబులో ఫోను మోగి ఆగింది. మళ్ళీ మోగింది. మూడోసారీ మోగింది. నేను పనిలో ఉన్నానని తెలిస్తే మా ఆయన అన్నిసార్లు చెయ్యరు. ఏదో జరిగిందని అప్పుడే తెలిసిపోయింది. అయినా ఫోను తియ్యలేదు. పక్కనే కరెంటు తీగలున్నాయి, కింద జనం ఉన్నారు. డ్రోనును వెనకున్న ఖాళీ చేలోకి తెచ్చి, నేలకు దింపి, రెక్కలు పూర్తిగా ఆగేదాకా చూసి, అప్పుడు ఫోను చేశాను.

"అమ్మ వెళ్ళిపోయింది," అన్నారాయన. "టీ ఇద్దామని లేపాను. లేవలేదు."

ఇంతసేపూ ఎందుకు తియ్యలేదని ఆయన అడగలేదు. "ముందు దాన్ని దింపు, తర్వాతే ఏదైనా" అని నాకు నేర్పింది వాళ్ళమ్మే.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. పదిమందికీ తెలియాల్సినంత పేరున్న మనిషి కాదు మా అత్తగారు. గుణదలలో ఒక బడిలో ఏళ్ళ తరబడి ఆయాగా పనిచేశారు. మామగారు పోయాక పటమటలో మా ఇంటికొచ్చి, కింద వాటాలో మేం నడుపుకునే చిన్న ఫోటో స్టూడియోకి, పైన వంటింటికి మధ్య మెట్లెక్కుతూ దిగుతూ కాలం గడిపారు. మన తీరం మీద నేను తీసిన ఫోటోలు చూసి ఎవరైనా మెచ్చుకుంటే నవ్వి ఊరుకునేదాన్ని. అందులో సగం ఆవిడవని ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

నేను డ్రోను నేర్చుకుంది ముప్పై ఆరేళ్ళప్పుడు. పెళ్ళిళ్ళకి అందరూ అదే అడుగుతున్నారు, మా ఆయనకేమో ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి. తెర మీద ఎత్తు చూసినా తిరుగుతాయి. అందుకని నేనే వెళ్ళి శిక్షణ తీసుకుని, సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. నేర్పినాయన గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. నడిపేవాళ్ళు తెర చూస్తుంటారు గనక, పక్కన ఇంకొకరు ఆకాశం కేసి చూస్తూ ఉండాలి. యంత్రం మీంచి చూపు తిప్పకూడదు.

స్టూడియో వదిలి మా ఆయన రాలేరు. మొదటిరోజు పెనమలూరు అవతల కోతలైన చేలో సాధనకి వెళ్తూ మా అత్తగారిని తోడు తీసుకెళ్ళాను. ఏదో మనిషి సాయం ఉంటుందని అంతే.

"నాకేం తెలుసమ్మాయ్ ఇయ్యన్నీ?" అన్నారు.

"మీకేం తెలియక్కర్లేదు అత్తయ్యా. పైకి చూస్తూ ఉండండి, చాలు."

డ్రోను లేచింది. ఎదురెండలో నాకు రెండు నిమిషాలకే కనిపించకుండా పోయింది. ఆవిడ మాత్రం అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, మెడ కదపకుండా నిలబడ్డారు. "కొద్దిగా కుడికి పోతంది... ఇప్పుడు ఆగింది... కింద కాకులు లేస్తన్నయ్, అటు పోనీకు." నేను తెర మీద సరిచూసుకుంటే ప్రతిమాటా నిజమే.

తిరిగొస్తుంటే స్కూటర్ మీద వెనక కూర్చుని అప్పుడు చెప్పారు. ఆవిడ పుట్టింది దివిసీమలో, కోడూరు దాటి సముద్రం కేసి పోతే వచ్చే ఒక పల్లెలో. వాళ్ళది కూలికి పోయే కుటుంబం. ఎనిమిదో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా రైతుల చేలల్లో పిట్టలు తోలారు. తెల్లారే మంచె ఎక్కితే పొద్దుగూకాకే దిగడం. చేతిలో వడిసెల, రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరే తాడు. "గిజిగాళ్ళ గుంపు ఎక్కడ దిగుద్దో అది దిగకముందే తెలియాలి. దిగినాక రాయేసి ఏం లాభం?" అన్నారు. ఆ కళ్ళకి నా డ్రోను పెద్ద పిట్ట.

అలా ఆవిడ నాకు జోడీ అయ్యారు. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో తెల్లచీర కట్టుకుని, మెళ్ళో జపమాలతో ఒక పెద్దావిడ ఆకాశం కేసి చూస్తూ నిలబడి ఉంటే, జనం ఆవిడ ప్రార్థన చేసుకుంటున్నారనుకునేవాళ్ళు. కొందరు మెల్లిగా తప్పుకుని దారిచ్చేవాళ్ళు కూడా.

ఒక డిసెంబరులో విజయవాడలో ప్రెస్సు నడిపే పెద్దాయన ఒకరు క్యాలెండరు పని ఇచ్చారు. జిల్లా అంతా పన్నెండు బొమ్మల్లో రావాలి, అందులో ఒకటి సముద్రం. "అందరూ తీసిన చోట వద్దమ్మా. మంగినపూడి వద్దు, హంసలదీవి వద్దు. ఎవరూ పోని చోటు చూడు," అన్నారు. ఎవరూ పోని చోటు ఎక్కడుందో నాకేం తెలుసు? ఆ మాట భోజనాల దగ్గర చెబితే మా అత్తగారు మజ్జిగ పోసుకుంటూ, "మా మూలకి పోదాం," అన్నారు.

"ఏ మూల?"

"మూలే. పేరేం లేదు. మడచెట్లు అయిపోయినాక ఒడ్డు వంకర తిరుగుద్ది చూడు, అక్కడ."

తీరా వెతికితే మ్యాపులో అక్కడ రాతలేమీ లేవు. ఆకుపచ్చకీ నీలానికీ మధ్య ఒక గీత ఉంది, అంతే.

మేం బయల్దేరింది మధ్యాహ్నం. సముద్రం ఫోటోలు తీసేవాళ్ళెవరైనా మన తీరానికి తెల్లవారుజామునే చేరతారు, సూర్యుడు నీళ్ళలోంచి లేచేది అప్పుడే కదా. నేనూ అదే అన్నాను. "కాదు, సాయంత్రం చూడాలి," అని పట్టుబట్టారు. పామర్రు దాటి, కూచిపూడిలో టీ తాగి, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా కోడూరు చేరాం. అక్కడినుంచి ఆవిడ తమ్ముడు మోటార్‌సైకిల్ మీద ముందుండి దారి చూపించారు. నేను ఆయన్ని బాబాయి అంటాను. రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని చేస్తారు, పీతల వేటకీ పోతారు. డ్రోనుకు ఎవరిని అడగాలో వాళ్ళని ముందే అడిగి పెట్టుకున్నాం. అడవి హద్దుకు ఇవతలే, ఒక చెరువు కట్ట చివర ఆగాం. ఎదురుగా బురద, ఆ తర్వాత ఇసుక, ఆ తర్వాత సముద్రం. మనిషన్నవాడు లేడు.

డ్రోను లేపి కెమెరాను సముద్రం కేసి పెట్టాను. బురదరంగు నీళ్ళు, బూడిదరంగు ఆకాశం, ఎక్కడా వెలుగన్నది లేదు. దీనికోసం ఇంత దూరం వచ్చామా అనిపించింది. నా మొహం చూసి ఆవిడ నవ్వారు.

"అటు కాదమ్మాయ్. వెనక్కి తిప్పు. మన పొద్దు సముద్రంలో మునగదు, చేలల్లో మునుగుద్ది."

తిప్పాను.

ఏం చూస్తున్నానో మొదట అర్థం కాలేదు. ఇందాక దారిలో మేం దాటి వచ్చింది బురదకాలవలు. పైనుంచి చూస్తే అవి కాలవలు కావు, పొద్దు వెలుగు పడి నిప్పులా మండుతున్న ఒక చెట్టు కొమ్మలు. ఒక పెద్ద పాయ నేలలోకి చొచ్చుకుపోయి రెండయింది, రెండు నాలుగయ్యాయి, నాలుగు లెక్కలేనన్ని అయ్యాయి. చివరికి వెంట్రుకంత సన్నపు పాయలో కూడా అదే నిప్పు. వాటి మధ్య మడచెట్లు నల్లగా, దట్టంగా. వాటి వెనక వందల రొయ్యల చెరువులు, ఒక్కో చెరువులో ఒక్కో సూర్యుడు. ఇంకా వెనక చేలు, తాటిచెట్ల బారులు, పొగమంచు, దాని మీద ఎర్రగా కూర్చున్న పొద్దు. మా కాళ్ళ కింద ఉన్న నేల అదేనంటే నమ్మలేకపోయాను.

అప్పుడే పాయల మీదుగా కొంగల గుంపొకటి గూళ్ళకు పోతూ డ్రోనుకు చాలా కిందుగా దాటింది. తెల్లగా, బారుగా, రెక్కలు విప్పుతూ ముడుస్తూ. ఆవిడ నా భుజం పట్టుకుని తెరలోకి ఒక్క క్షణం తొంగిచూశారు.

"కొంగల వీపులు చూడ్డం ఇదే మొదలు," అన్నారు. కాసేపటికి మళ్ళీ, నాతో కాదు, తనలో తను అనుకున్నట్టుగా, "దేవుడు రోజూ ఇదే చూస్తన్నాడా? మనకి ఒక్కసారీ చెప్పలేదే!"

ఆ మాట అని వెంటనే మళ్ళీ ఆకాశం కేసి తల తిప్పారు. మంచిదయింది. లేకపోతే ఆరోజే నా డ్రోను పోయేది.

"గద్ద! గద్దొస్తంది! పైకి తియ్!"

కిందికి దింపబోయాను. భయమేస్తే ఎవరికైనా కిందికి దింపాలనే అనిపిస్తుంది.

"కిందికి కాదు, పైకి! అది దిగినంత జోరుగా ఎక్కలేదు. పైకి పో!"

పైకి లాగాను. తెర మీద ఒక గోధుమరంగు రెక్క అడ్డంగా మెరిసి మాయమైంది. బాబాయి నోరు తెరుచుకుని నిలబడిపోయారు. ఆవిడ మాత్రం గద్దను చివరిదాకా చూపుతోనే సాగనంపి, "పోయింది. ఇక దింపుకో," అన్నారు, అదేదో రోజూ ఉండే పనైనట్టు.

క్యాలెండరు వచ్చాక ఒకటి చుట్ట చుట్టి పట్టుకుని ఆవిడే వాళ్ళ పల్లెకి వెళ్ళారు. నేనూ వెంట ఉన్నాను. బాబాయి ఇంటి గోడకి మేకు కొట్టి ఆ బొమ్మ ఉన్న నెల తిప్పి తగిలించారు. సాయంత్రానికి పల్లెలో సగం మంది అక్కడే. పుట్టినకాడినుంచి ఆ పాయల్లో పడవలు నడిపినవాళ్ళు, పీతలు పట్టినవాళ్ళు. ఒక ముసలాయన కాగితానికి వేలు ఆనించి ఒక పాయ వెంట మెల్లిగా పోనిచ్చాడు. మలుపు వచ్చిన ప్రతిచోటా ఆగి దాని పేరు చెప్పాడు. ఒక్క మలుపూ పేరు లేకుండా లేదు. మ్యాపులో రాతలే లేని చోటది. మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఆయన వేలినే చూశారు.

ఆ తర్వాత మూలకి చాలాసార్లు వెళ్ళాం. పోటు ఉన్నప్పుడు ఒక రంగు, పాటు తీసినప్పుడు ఒక రంగు. ఒకసారి వాన వెలిసిన సాయంత్రం మొత్తం ఊదారంగుకి తిరిగింది. ప్రతిసారీ ఆవిడ పని పైకి చూడ్డమే. తెర చూడమంటే, "నేను దాన్ని చూస్తే దీన్నెవరు చూస్తారు?" అనేవారు.

ఇక్కడినుంచి రాయడానికి నాకు కష్టంగా ఉంది.

ఉయ్యూరు దగ్గర ఒక గృహప్రవేశంలో డ్రోను కొబ్బరిమట్టకి తగిలి పెరట్లో కుర్చీల పక్కనే పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "గాలి కొట్టిందమ్మాయ్," అన్నారావిడ. నమ్మాను. ఆ తర్వాత ఇంట్లో కూడా చిన్న చిన్నవి మొదలయ్యాయి. పక్కనున్న మంచినీళ్ళ గ్లాసుకి చెయ్యి తగిలి పడిపోయేది. గుమ్మం అంచు భుజానికి కొట్టుకునేది. వయసు అనుకున్నాం. జ్వరానికి చూపించడానికి పోతే అక్కడి డాక్టరు గారు అనుమానపడి కళ్ళ ఆసుపత్రికి పంపారు. నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారు. పక్కచూపు చాలావరకు పోయింది, పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవడానికి చుక్కల మందు వేసుకోవాలి. మధ్యలో ఒక గుండ్రం మాత్రం మిగిలింది.

ఇంటికి వచ్చాక అడిగాను. "ఎన్నాళ్ళనుంచి అత్తయ్యా?"

"ఏడాది పైన అయ్యింది."

"మరి ఉయ్యూరులో?"

"చూపుకి దొరికినంతసేపు పట్టుకునేదాన్ని. ఒకసారి జారితే మళ్ళీ దొరికేది కాదు. ఆ రోజు జారిపోయింది. నీకు చెబితే ఇంక తీసుకుపోవని..."

"ఎవరి తల మీదైనా పడుంటే? చిన్నపిల్లలున్నారు అక్కడ! మీరు చూస్తున్నారని కదా నేను ధైర్యంగా ఎగరేస్తున్నాను!"

గట్టిగానే అన్నాను. అన్న మాటలో తప్పు లేదు. కానీ ఏళ్ళ తరబడి పరాయిపిల్లల్ని కళ్ళల్లో పెట్టుకుని కాచిన మనిషిని అన్నాను. ఆవిడ తల వంచుకుని, "తప్పేనమ్మా," అన్నారు. అంతే. ఆరోజు నుంచి మా ఆయన ఎలాగో తీరిక చేసుకుని నా పక్కన నిలబడడం మొదలుపెట్టారు. నేను సంచి సర్దుకుంటున్నప్పుడు ఆవిడ బాల్కనీలోకి వెళ్ళి కూర్చునేవారు. నేను పిలవలేదు, ఆవిడ అడగలేదు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలలు నాకు తిరిగిస్తే బాగుండునని ఇప్పుడు అనిపిస్తుంది.

కంట్లో చుక్కలు రెండు పూటలా నేనే వేసేదాన్ని. మొన్న చలికాలంలో ఒక పొద్దున, మందు వేశాక కళ్ళు మూసుకునే ఉండి అన్నారు.

"అమ్మాయ్, నన్నొకసారి మూలకి తీసుకుపోవా?"

నేను చుక్కల సీసాకి మూత పెట్టాను.

"కాపలాకి రానులే. ఈసారి చూడ్డానికి వస్తా."

ఆ ఆదివారమే బయల్దేరాం, ముగ్గురం. అదే చెరువు కట్ట. ఆవిడ పడమటి కేసి తిరిగి నిలబడి తల ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మెల్లిగా తిప్పుతున్నారు. "ముక్కలు ముక్కలుగా దొరుకుతంది. పొద్దుని చూస్తే చేలు పోతన్నయ్, చేలని చూస్తే పాయ పోతంది," అన్నారు. ఆ చూపుతో ఆవిడ ఏడాది పైన నా కోసం ఆకాశం వెతికారని అప్పుడు తెలిసింది నాకు.

మా ఆయన పైకి చూస్తున్నారు. నేను డ్రోనును పైకంటా లేపి, పడమటికి తిప్పి, రిమోట్ తెరను ఆవిడ మొహం ముందు పట్టుకున్నాను. ఆవిడ దాన్ని కొద్దిగా దూరం జరిపారు, ఇంకొద్దిగా జరిపారు. ఒకచోట ఆపారు.

"ఏమైంది అత్తయ్యా?"

"అంతా ఉంది," అన్నారు. "అంచులతో సహా ఉంది, అమ్మాయ్. ఏదీ పోలేదు."

అరచేతి వెడల్పు తెర. ఆవిడ కంటికి మిగిలిన ఆ గుండ్రంలో అది సరిగ్గా ఇమిడింది. పాయలన్నీ, చెరువులన్నీ, పొద్దూ, తాటిచెట్లూ, ఓ పక్కన సన్నగా సముద్రం అంచూ, ఒక్కసారిగా. రెండేళ్ళుగా ఎంత వెడల్పు లోకం ఆవిడ చూడలేదో, ఆ మొహం చూస్తే తెలిసింది. నోరు కొంచెం తెరుచుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. ఆ వెలుగంతా ఆవిడ బుగ్గల మీద కదులుతోంది. నేను తెర చూడ్డం మానేసి ఆవిడనే చూశాను. ఎన్నో సాయంత్రాలు ఆ నేల మీద తీశాను గానీ, అంత ఆశ్చర్యాన్ని ఒక మనిషి మొహంలో చూడ్డం నాకదే మొదలు.

తర్వాత నడిపింది ఆవిడే. "ఆ పాయ వెంట పోనీ. ఇప్పుడు ఉత్తరానికి. ఇక్కడ ఆగు." ఆగిన చోట నీళ్ళు తప్ప ఏమీ లేవు. "ఇదేనమ్మా నేను పిట్టలు తోలిన చేను. సముద్రం తీసుకుంది." బాధపడతారనుకున్నాను. "పోనీలే, దానికీ ఆకలుంటది," అని నవ్వి, "ఇటు తిప్పు, ఇంకా చూడాలి," అన్నారు. బ్యాటరీ అయిపోతే ఇంకొకటి వేశాను. అదీ అయ్యేదాకా చూశారు.

ఈ వేసవిలో ఆవిడ పోయారు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టరు గారు. ప్రార్థన కూడికకి ఫోటో కావాలని మా ఆయన స్టూడియో అంతా వెతికారు. వేల ఫోటోలున్న ఇంట్లో ఆవిడవి నాలుగైదుకు మించి దొరకలేదు. చివరికి ఆధార్ కార్డు బొమ్మనే పెద్దది చేయించాం. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, మూలలో ఆ చివరిసారి తీసిన వీడియో తెరిచి మొదటినుంచి చూశాను. అందులో ఆవిడున్నారని నేను మరిచిపోయాను.

బ్యాటరీ అడుగంటి డ్రోనును వెనక్కి తెస్తున్నప్పటి ముక్క అది. కెమెరా నేల కేసి ఉంది. కట్ట మీద మూడు చుక్కలు కనబడతాయి. నా చేతిలోని తెరలో అవి చూసి ఆవిడ, "ఆ ముగ్గురెవరు?" అని అడిగారు. మనమే అన్నాను. నమ్మకం కుదరక, పరీక్షగా కుడిచెయ్యి పైకెత్తారు. తెరలో మధ్యనున్న తెల్లచుక్క కూడా చెయ్యెత్తింది. ఆవిడ పకపకా నవ్వారు. ఆ నవ్వు వీడియోలో వినపడదు, అంత ఎత్తుకి మాటలు చేరవు. పొద్దు పడమట బాగా దిగిపోయి ఉంది. మా నీడలు మూడూ కట్ట దిగి, బురద దాటి, ఇసుక మీదుగా తూర్పుకి సాగి ఉన్నాయి. అందులో ఒక నీడ చెయ్యెత్తి ఉంది. ఆ చేతి కొస మీదికి అల ఒకటి వచ్చి, వెనక్కి పోయి, మళ్ళీ వస్తోంది.